బలిపీఠం నుంచి బియ్యపు కుండ దాకా



ఇవాళ ఒక గ్రీకు మాట గురించి ముచ్చటించుకుందాం. యువోదియా అనే మాట. సువాసన అని దాని అర్థం. బైబిలు కొత్త నిబంధనలో ఈ మాట మూడంటే మూడు చోట్లే వస్తుంది. మూడూ పౌలు పేరు మీదున్న ఉత్తరాల్లోనే: కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో రెండో అధ్యాయం, ఎఫెసీయుల పత్రికలో ఐదో అధ్యాయం, ఫిలిప్పీయుల పత్రికలో నాలుగో అధ్యాయం. ఎఫెసీ పత్రికను పౌలే రాశాడా, ఆయన శిష్యులెవరైనా రాశారా అని పండితుల్లో వాదం ఉంది. ఆ తగువు జోలికి మనం పోవద్దు. మూడు చోట్లా ఆ సువాసన దేనిది అన్నదే మనకు కావలసిన సంగతి. ఎఫెసీ పత్రికలో అది క్రీస్తు మరణానిది. కొరింథీ పత్రికలో ఊరూరా తిరిగి బోధించే మనుషులది. ఫిలిప్పీ పత్రికలోనేమో, జైల్లో ఉన్న మనిషికి అయినవాళ్ళు పంపిన ఖర్చులది. మొదటి రెండింటి మీద ప్రసంగాలు ఎన్నో విన్నాం. మూడోదాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. ఓరుగల్లు గడ్డ మీద ఉన్నవాళ్ళకు మాత్రం ఆ మూడోదే దగ్గరి సంగతి అని నేనంటాను. ఎందుకో చెప్తాను.

ముందు మాట పుట్టుక. యు అంటే మంచి, మేలు. ఓద్ అనేది వాసన వేయడాన్ని చెప్పే ధాతువు. 1840లో షోన్‌బైన్ అనే శాస్త్రవేత్త ఒక వాయువుకు దాని ఘాటు వాసనను బట్టి ఓజోన్ అని పేరు పెట్టాడు. ఆ పేరు పుట్టిందీ ఈ ధాతువు నుంచే. గ్రీకులో దీనికి తోడుగా ఓస్మే అని ఇంకో మాట ఉంది. అది ఉత్త వాసన. మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. మన తెలుగులో వాసన అనే మాట కూడా ఒకప్పుడు అలాంటిదే. ఇప్పుడైతే పప్పు వాసనొస్తోంది అంటే పారబోయమనే అర్థం. అందుకే తెలుగులో మంచి వాసనను చెప్పాలంటే ముందు సు చేర్చాలి, లేదా కమ్మటి అనో పరిమళం అనో అనాలి. గ్రీకువాళ్ళు చేసిందీ అదే.

పౌలు ఈ రెండు మాటల్నీ జోడించి ఓస్మే యువోదియాస్ అంటాడు. ఆ జోడింపు ఆయన సొంతం కాదు. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న యూదులు తమ ధర్మశాస్త్రాన్ని హీబ్రూ నుంచి గ్రీకులోకి మార్చుకోవడం మొదలుపెట్టారు. బలుల గురించి చెప్పే చోటల్లా వాళ్ళు వాడిన మాట ఇది. హీబ్రూలో ఉన్నది రేయహ్ నీహోయహ్. ఇందులో రెండో మాటకు నెమ్మదింపజేసేది, మనసును కుదుటపరిచేది అని అర్థం. అది మొట్టమొదట కనిపించేది ఆదికాండం ఎనిమిదో అధ్యాయంలో, జలప్రళయం తగ్గాక. నోవహు ఓడ దిగి బలి అర్పిస్తే దేవుడు ఆ వాసన ఆఘ్రాణించి, ఇక మీదట నేలను శపించను అనుకుంటాడు. నోవహు పేరులోనూ నెమ్మది అనే అర్థమే ఉంది. కథ చెప్పినవాడు ఆ రెండు శబ్దాల్నీ కావాలనే పక్కపక్కన పెట్టాడు.

దేవుడు వాసన చూడడమేమిటని అలెగ్జాండ్రియా యూదులకే ఇబ్బందిగా ఉండి ఉంటుంది. ఇంకా పాత కథ ఒకటుంది, బాబిలోనియా వాళ్ళ గిల్గమేష్ కావ్యంలోది. అందులోనూ ప్రళయం వస్తుంది, ఓడ ఉంటుంది, బలి ఉంటుంది. ఆకలితో ఉన్న దేవతలు పొగ వాసనకు ఈగల్లా మూగుతారు. బైబిలులో ఆ ఆకలి లేదు. వాసన మాత్రం మిగిలింది. తినడానికి కాదు, అంగీకరించానని చెప్పడానికి. ఆ మాటకు అసలు బరువు ఇక్కడే ఉంది. సువాసన అంటే ముక్కుకు బాగుండడం కాదు, అర్పించినది చేరింది అని కబురు అందడం. మాంసమూ కొవ్వూ కాలుతుంటే నిజంగా వచ్చే వాసన ఎలా ఉంటుందో మీకు తెలుసు. దాన్ని ఎవరూ అత్తరు అనరు.

లేవీయకాండం మొదటి రెండు అధ్యాయాలు చాలామంది దాటేసి పోతారు. రక్తం, కొవ్వు, పేగులు, వినడానికే బరువు. కానీ ఒక్కసారి ఓపిక పట్టి వరస చూడండి. ఉన్నవాడు కోడెను తెస్తాడు. దాని పొగ దేవునికి ఇంపైన సువాసన అంటుంది గ్రంథం. కొంచెం తక్కువవాడు గొర్రెనో మేకనో తెస్తాడు. మళ్ళీ అదే మాట. అంతకంటే లేనివాడు గువ్వనో పావురాన్నో తెస్తాడు, మాట మారదు. జీవాన్ని తేలేనివాడు పిండి తెస్తాడు. యాజకుడు అందులోంచి పిడికెడు తీసుకొని, నూనెతోనూ సాంబ్రాణితోనూ కలిపి నిప్పుల మీద వేస్తాడు. దానికీ అదే సువాసన. కోడె నుంచి పిడికెడు పిండి దాకా దిగినా మాట తరగలేదు. యూదుల మిష్నాలో ఈ సంగతిని పట్టుకొని ఒక తీర్పు కూడా ఉంది: ఎక్కువ తెచ్చినా తక్కువ తెచ్చినా ఒకటే, మనసు పైకి తిరిగి ఉంటే చాలని. ఆ పిడికెడు పిండిని గుర్తుపెట్టుకోండి, దానితో మనకు పని ఉంది.

మనసు తిరగకపోతే ఏమవుతుంది? ఆమోసు ప్రవక్త ఐదో అధ్యాయంలో చెప్పాడు. పేదల్ని తొక్కి పండుగలు చేసేవాళ్ళతో దేవుడు, మీ కూటాల వాసన నేను చూడను అంటాడు. హీబ్రూలో అక్కడున్న క్రియ వాసన చూడడమే. అనువాదాల్లో ఆ ముక్కు చాలాసార్లు మాయమై, నాకు ఇష్టం లేదు అన్నట్టు మెత్తబడింది. అది పోగొట్టుకోకూడని ముక్కు.

ఇంతకీ సుగంధం అనేది ఆ కాలంలో ఎంత ఖరీదైన సరుకో చెప్పకుండా ముందుకు పోలేం. మన ఓరుగల్లు రాజులకు అది బాగా తెలుసు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుఫానుకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు దోచుకునేవాళ్ళనీ, తాను అలా చేయననీ, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాననీ అందులో చెప్పాడు. సుంకాలు చెప్పిన సరుకుల వరసలో ముత్యాలు, దంతం, మిరియాల పక్కనే గంధం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, జవ్వాది ఉన్నాయి. సముద్రం దాటి వచ్చే పరిమళం మీద రాజు కన్ను ఉండేదన్నమాట. మన అడవుల్లో దొరికే అందుగు చెట్టు బంక, బేత్లెహేముకు వెళ్ళిన జ్ఞానులు పట్టుకుపోయిన అరబ్బు సాంబ్రాణికి దాయాది. కానీ అడవి బంకకు రేవు సరుకంత గౌరవం ఎప్పుడూ లేదు.

తెలుగు బైబిలును అనువదించినవాళ్ళు ఈ సరుకులకు మన అంగడి పేర్లే పెట్టడం నాకు ఇష్టమైన సంగతి. సాంబ్రాణి, బోళం, జటామాంసి. ఈ మూడూ ఇప్పటికీ వరంగల్‌లో మూలికల కొట్టుకు పోయి అడిగితే పొట్లం కట్టిస్తారు. జటామాంసి కథ మరీ చిత్రం. యోహాను సువార్త పన్నెండో అధ్యాయంలో బేతనియ అనే ఊళ్ళో మరియ అనే ఆవిడ యేసు పాదాలకు అచ్చమైన జటామాంసి అత్తరు పూస్తుంది. ఇల్లంతా ఆ వాసనతో నిండిందని యోహాను రాశాడు. అక్కడ వాడిన మాట ఓస్మే. ఆ మొక్క యూదయలో పెరగదు. హిమాలయాల్లో, చెట్లు కూడా పలచబడే ఎత్తున పెరుగుతుంది. గ్రీకులు నార్డ్ అని పిలిచింది మన జటామాంసినే అని సర్ విలియం జోన్స్ 1790లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో వ్యాసం రాసి వాదించాడు. అంటే యేసు పాదాల మీద పడ్డ పరిమళం మన దేశం కొండల నుంచి వర్తకుల చేతులు మారుతూ వెళ్ళినది. దాని ఖరీదు 300 దేనారాలు అని యూదా ఇస్కరియోతు లెక్క కట్టాడు. కూలివాడి దినకూలి ఒక దేనారం. అంటే పండుగలూ సబ్బాతులూ పోను దాదాపు ఏడాది కష్టం. అమ్మి పేదలకు ఇవ్వొచ్చు కదా అన్నాడు యూదా. ఈ ప్రశ్న చెడ్డది కాదు, అడిగినవాడి మనసు చెడ్డది అని యోహాను మాట. అయినా ఆ ప్రశ్న సంఘాన్ని వదలలేదు. పరిమళమా, పేదవాడి అన్నమా? పౌలు దీనికి ఎలా జవాబు చెప్పాడో ఫిలిప్పీ దగ్గర చూద్దాం.

దానికి ముందు కొరింథు. క్రీస్తు శకం 55, 56 ప్రాంతంలో ఆ ఉత్తరం రాశాడు. కొరింథు రోమన్ల వలస పట్నం; జూలియస్ సీజర్ మళ్ళీ కట్టించింది. అక్కడివాళ్ళకు రోమన్ విజయోత్సవం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. గెలిచిన సేనాని రథమెక్కి రోము వీధుల్లో ఊరేగుతాడు. ముందు దోచుకొచ్చిన సొమ్ము, ఓడిపోయిన రాజులు, సంకెళ్ళలో బందీలు. స్కిపియో విజయోత్సవాన్ని వర్ణించిన అప్పియన్ అనే చరిత్రకారుడు ధూపాలు పట్టుకు నడిచినవాళ్ళ గురించి కూడా రాశాడు. వీధంతా సాంబ్రాణి పొగ. రథం కాపిటోలు కొండ ఎక్కే వేళకు ఓడిన నాయకుణ్ణి పక్కకు తీసి కింద చెరసాలలో చంపేవాళ్ళు. గాల్ నాయకుడు వెర్సింగెటోరిక్స్ క్రీస్తుకు పూర్వం 46లో అలాగే పోయాడు. ఒకే పొగ. రథం మీదవాడికి అది బతుకు వాసన, సంకెళ్ళలో ఉన్నవాడికి చావు వాసన.

పౌలు ఈ దృశ్యాన్ని పట్టుకొని, మేము క్రీస్తు సువాసన, రక్షణ పొందేవాళ్ళకు జీవపు వాసన, నశించేవాళ్ళకు మరణపు వాసన అనే అర్థం వచ్చేలా రాస్తాడు. మనకు ఇది అర్థం కావడానికి రోముకు పోనక్కర లేదు. పెళ్ళింట్లో వెలిగించే అగరువత్తి పాడె పక్కనా వెలుగుతుంది. శుభకార్యం నుంచి వచ్చినవాడికీ, అయినవాణ్ణి పోగొట్టుకొని వచ్చినవాడికీ ఆ వాసన ఒక్కటి కాదు.

ఈ మాటను చాలామంది బోధకులు గెలుపు మాటగా చెప్తారు. నేను ఒప్పుకోను. పౌలు వాడిన గ్రీకు క్రియకు, ఊరేగింపులో బందీగా నడిపించడం అనే అర్థమే బలంగా ఉంది. అంటే పౌలు తనను రథం మీద కూర్చోబెట్టుకోవడం లేదు. సంకెళ్ళ వరసలో నిలబెట్టుకుంటున్నాడు. పక్క అధ్యాయాలు చూస్తే సందేహం ఉండదు: మట్టి కుండలం అంటాడు, పడదోయబడ్డవాళ్ళం అంటాడు. పువ్వులతో పాటు నారకూ వాసన అబ్బినట్టు అని మన పెద్దలు అంటారు. పౌలు తనను నార అనుకున్నాడు. పువ్వు వేరే ఉంది.

ఆ వెంటనే పదిహేడో వచనంలో ఆయన ఇంకో మాట విసురుతాడు. దేవుని వాక్యాన్ని చిల్లర బేరం చేసే చాలామంది లాంటివాళ్ళం కాదు మేము, అని. అక్కడ వాడిన గ్రీకు మాట అంగట్లో కూర్చొని సరుకు అమ్మేవాడిది, ముఖ్యంగా ద్రాక్షసారాయిలో నీళ్ళు కలిపే దుకాణదారుడికి పేరుమోసిన మాట. పరిమళం గురించి మాట్లాడుతున్నవాడు ఒక్కసారిగా కల్తీ దగ్గరకు ఎందుకు దూకాడు? అత్తరు అమ్మే చోట కల్తీ ఎప్పుడూ ఉంటుంది కనుక. ఈ వచనాన్ని సభలకు రేటు పెట్టే ఇప్పటి వక్తలు ముందు వరసలో కూర్చొని వినాలి. నేను పేర్లు చెప్పను, మీకే తెలుసు.

ఇంత సువాసన మాట్లాడిన మతం తన గుళ్ళలో సాంబ్రాణి వాడుకకు మాత్రం ఆలస్యంగా వచ్చింది. 112 ప్రాంతంలో బితూనియ గవర్నరు ప్లినీ, చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరంలో తాను క్రైస్తవుల్ని ఎలా పరీక్షించాడో చెప్తాడు: చక్రవర్తి బొమ్మ ముందు సాంబ్రాణి వేయించి, సారాయి పోయించి. వేసినవాణ్ణి వదిలేశాడు. వేయనన్నవాళ్ళను చంపించాడు. చిటికెడు సాంబ్రాణి ప్రాణానికి వెల అయిన కాలంలో దాన్ని ఆరాధనకు తెచ్చుకోవడం కుదరలేదు. హింసలు ఆగిన తరవాతే ధూపం చర్చిలోకి వచ్చింది. ఇప్పుడు కాజీపేట ఫాతిమానగర్‌లోని కేథలిక్ కేథడ్రల్‌లో పెద్ద పండుగలకు ధూపం వేస్తారు. హనుమకొండ బాప్టిస్టు చర్చిలో వేయరు. తెలుగు ప్రొటెస్టెంటు ఇళ్ళలో కొందరు ఆడవాళ్ళు తలలో పూలు కూడా పెట్టుకోరు. వాసన లేని ఆరాధనలో కూర్చొని సువాసన మీద ప్రసంగం వినడం మనకు అలవాటైపోయింది.

ఇక ఫిలిప్పీ. అక్కడికి పోయే ముందు చిన్న చిక్కుముడి విప్పాలి. ఆ ఉత్తరం నాలుగో అధ్యాయం రెండో వచనంలో యువొదియ, సుంటుకే అని ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు ఉన్నాయి. వాళ్ళిద్దరికీ ఏదో మాట పట్టింపు వచ్చింది, ఒక్క మనసుతో ఉండమని పౌలు బతిమాలుతున్నాడు. యువొదియ అంటే సువాసన అని కొందరు చెప్తుంటారు. కాదు. గ్రీకులో పొట్టి ఒ వేరు, పొడుగు ఓ వేరు, వాటికి రెండు వేరే అక్షరాలు. పొట్టి ఒతో ఉన్న పేరుకు మంచి దారి, శుభప్రయాణం అని అర్థం. పొడుగు ఓతో ఉన్నది సువాసన. ఒ, ఓ తేడా బడి మొదటి ఏడే నేర్చుకునే తెలుగువాళ్ళం ఇక్కడ తడబడకూడదు.

సువాసన అదే అధ్యాయంలో పద్దెనిమిదో వచనంలో వస్తుంది. పౌలు చెరలో ఉన్నాడు. ఆ కాలం చెరసాలలో తిండీ బట్టా బయటినుంచి అయినవాళ్ళే తేవాలి. ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితు అనే అతని చేతికిచ్చి సాయం పంపింది. అతను దారి ప్రయాసకో మరి దేనికో జబ్బుపడి చావు దాకా పోయి బతికాడు. పౌలు కృతజ్ఞత చెప్తూ రాసిన ఆ పదకొండు వచనాలు చాలా ముచ్చటగా ఉంటాయి. అడగలేదు అంటూనే, అందినందుకు సంతోషిస్తాడు. నాకు ఏ స్థితిలోనైనా సరిపెట్టుకోవడం తెలుసు అని కొంచెం బింకం చూపిస్తాడు, ఆ వెంటనే మెత్తబడతాడు. ఇచ్చిపుచ్చుకునే లెక్కలో మీరు తప్ప నాతో ఏ సంఘమూ పాలు పంచుకోలేదు అంటాడు. తరవాత, నాకు అంతా ముట్టింది అని రాస్తాడు. అక్కడ వాడిన గ్రీకు మాట ఈజిప్టు ఇసుకలో దొరికిన పాత పపైరస్ రసీదుల మీద కనిపించే మాటే: పూర్తిగా చెల్లు అని అర్థం. అంటే రసీదు రాసిస్తున్నాడు. అదే వాక్యం పూర్తయ్యేలోగా ఆ సాయాన్ని సువాసన అంటాడు, దేవునికి ఇష్టమైన బలి అంటాడు. చిట్టాపద్దు పుస్తకం నుంచి బలిపీఠానికి ఒక్క అడుగు.

బేతనియలో యూదా అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. పరిమళమా, అవసరంలో ఉన్నవాడి అన్నమా అని అతను విడదీశాడు. పౌలు కలిపేశాడు. అవసరంలో ఉన్నవాడికి పంపిన అన్నమే ఆ పరిమళం. మరియ అత్తరు తప్పు అని కాదు; పౌలుకు ఆ గొడవే లేదు. పైగా ఫిలిప్పీ, మాసిదోనియ ప్రాంతపు సంఘాలు ఉన్నవాళ్ళవి కావు. కొరింథీయులకు రాస్తూ ఆయనే చెప్తాడు, వాళ్ళు కటిక పేదరికంలోంచి ఇచ్చారని. అంటే లేవీయకాండంలోని పిడికెడు పిండి మనుషులు వీళ్ళు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. వరంగల్‌లో విజయవాడ వైపు రైలెక్కితే మానుకోట దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. పాత వరంగల్ జిల్లా, ఇప్పటి మహబూబాబాద్ జిల్లా. అక్కడికి 1909లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య వచ్చాడు. తిరునెల్వేలి జిల్లాలో వెళ్ళాలన్‌విళై అనే ఊళ్ళో 1874లో పుట్టిన తమిళుడు, ఊరి పాస్టరు కొడుకు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు దేశీయ మిషనరీ సంఘం ఒకటి పెట్టుకున్నారు. మనుషులు మనవాళ్ళే, డబ్బు మనదే, పెత్తనం మనదే అన్నది వాళ్ళ పట్టుదల. నిజాం రాజ్యంలోని మన ప్రాంతాన్ని ఎంచుకున్నారు. ఆ సంఘానికి డబ్బు ఎక్కడిది? చాలామంది తాటిచెట్లెక్కి కల్లు గీసుకొని, బెల్లం వండుకొని బతికే కుటుంబాలవాళ్ళు. దక్షిణాన అంత దూరంలోని ఆ ఊళ్ళు కూడబెట్టి ఇచ్చిన డబ్బు మీద, భాష తెలియని మనిషి వచ్చి తెలుగు నేర్చుకొని ఇక్కడ బతికాడు. ఫిలిప్పీ, పౌలు వ్యవహారానికి ఇంత దగ్గరి పోలిక మన చరిత్రలో నాకు ఇంకొకటి కనిపించలేదు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ అజరయ్య లేచి తెల్లదొరల మొహం మీదే మాట్లాడాడు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితుల్నీ ఇవ్వండి అన్నది ఆ ప్రసంగం సారం. సభలో కొందరికి అది మింగుడు పడలేదు. ఇచ్చిపుచ్చుకోవడంలో పాలుపంచుకోవడం అని పౌలు చెప్పిన మాటే అది. ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద ఉంటే డబ్బు చేరుతుంది, సువాసన చేరదు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో ఆయన్ను డోర్నకల్ బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే.

ఆయన చుట్టూ చేరినవాళ్ళు ఎక్కువమంది మాల, మాదిగ వాడల వాళ్ళు. కూలికి పోతే పొయ్యి వెలిగేది, లేకపోతే లేదు. అలాంటివాళ్ళను కానుక ఇవ్వమనడానికి ఏ మనిషికైనా నోరు రావడం కష్టం. అజరయ్యకు వచ్చింది. విదేశీ డబ్బు మీద బతికే సంఘం తలెత్తుకోలేదని ఆయన నమ్మాడు. మీ ఉపదేశిని మీరే పోషించుకోవాలి, మీ గుడి మీరే కట్టుకోవాలి అన్నాడు. క్రైస్తవ దాతృత్వం మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశాడు. ఆయన భార్య అన్బు ఆడవాళ్ళ మధ్య పనిచేసింది. పద్ధతి ఏమిటంటే, మీలో చాలామంది అమ్మమ్మల దగ్గర చూసే ఉంటారు: వంటకు బియ్యం కొలిచేటప్పుడు అందులోంచి పిడికెడు తీసి వేరే కుండలో వేయడం. వారం తిరిగేసరికి ఆ కుండ గుడికి వస్తుంది. పిడికెడు బియ్యం అనే ఈ అలవాటు మనకొక్కరికే సొంతం కాదు. మిజోరం సంఘాల్లో 1910 నుంచీ ఉంది, బుహ్‌ఫాయ్ తామ్ అంటారు. అక్కడి సంఘాలు నిలదొక్కుకోవడంలో ఆ బియ్యానికి పెద్ద పాలు ఉంది.

కోతలు అయ్యాక జరిగే కోత పండుగ ఇంకో తీరు. ధాన్యం, జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్ళు, కోడిగుడ్లు, ఒక్కోసారి మేకపిల్ల. ఆరాధన ముగిశాక అన్నీ వేలం. కోడి గుడిలో కూస్తుంటే పాస్టరు గొంతు పెంచి ప్రార్థన చెయ్యాల్సి వచ్చేది. అక్కడ ఉన్న వాసన అత్తరుది కాదు, కొత్త వడ్లది, కోళ్ళ గంపది, చెమటది. కోడె కాలిన పొగను ఇంపైన సువాసన అని రాసినవాళ్ళకు అది అర్థమవుతుంది.

ఈ పద్ధతిలో తప్పు లేదని నేననను. పస్తుండే ఇంటి నుంచి పిడికెడు అడగడం ఒక బరువే. తరవాతి రోజుల్లో కొన్నిచోట్ల ఆ పిడికెడు లెక్క తేలకుండా పోయిందన్న మాటా ఉంది. అడిగేవాడు తానూ చెరలో ఉండి అడిగితే ఒక రకం, కారు దిగి అడిగితే ఇంకో రకం. దశమ భాగం తేకపోతే శాపం తగులుతుందని బెదిరించేవాళ్ళు ఫిలిప్పీ నాలుగో అధ్యాయం చదవలేదనుకోవాలి. నేను కానుకను కోరడం లేదు అని పౌలు అక్కడే అంటాడు. అలా అనగలిగినవాడి చేతికి అందినదానికే ఆయన సువాసన అనే పేరు పెట్టాడు.

డోర్నకల్‌లో ఎపిఫనీ కేథడ్రల్ ఉంది. 1939 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది. మసీదు లాంటి గుమ్మటాలు, గుడి లాంటి రాతి స్తంభాలు, వాటి మీద తామరపూలు, మధ్యలో సిలువ. అజరయ్య ఆ గుడిని చూసుకొని, 1945 జనవరి 1న అక్కడే కన్నుమూశాడు. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాల సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడాలని ఆయన ఏళ్ళ తరబడి పనిచేశాడు. అది 1947 సెప్టెంబరు 27న జరిగింది. అప్పటికి ఆయన లేడు.

శ్రోతలకు ఒక మనవి. మీ ఇంట్లో బైబిలు ఉంటే, మీరు ఏ మతంవాళ్ళయినా సరే, ఈ వారం ఫిలిప్పీయుల పత్రిక నాలుగో అధ్యాయంలో పదో వచనం నుంచి ఇరవయ్యో వచనం దాకా గట్టిగా చదవండి. ఐదు నిమిషాలు పట్టదు. ఆ తరవాత కొరింథీ రెండో పత్రికకు పోండి. వీలైతే డోర్నకల్‌లో ఒక రైలు వదిలేసి, తరవాతి రైలు వచ్చేలోగా ఆ కేథడ్రల్ చూసి రండి.